డబ్బా నిండుగానే ఉంది, రేడియేటర్ ఖాళీ

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూసుకుని ఒడిశాలో సిమిలిగూడ వైపున్న మా ఊరికి కారులో తిరిగి వస్తున్నాం, నేనూ అమ్మా. మంగళవారం రాత్రి సాలూరులో పిన్ని వాళ్లింట్లో పడుకుని, బుధవారం పది గంటలకి ఘాట్ రోడ్డెక్కాం. ఎండ బాగానే ఉంది. ముందు రెండు లోడు లారీలు. సెకండ్ గేర్‌లోంచి థర్డ్‌కి మార్చే వీల్లేకుండా వాటి వెనకే పాకుతున్నాం. సుంకి దాటాక వంపు తిరిగేటప్పుడు ఇంజను వేడి చూపించే మీటరు మీద కన్ను పడింది. ఎప్పుడూ సగానికి కొంచెం కింద కూర్చునే ముల్లు ముప్పావు దగ్గరుంది.

ఏసీ ఆపేశాను. హీటరు ఫుల్లుగా పెట్టి, కిటికీలు దించేశాను. ఆ ఎండలో హీటరు ఏంటని అమ్మ అడిగింది. కారు హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజను నీళ్లే అందులోంచి పోతాయి. దాని ఫ్యాను తిరిగినంతసేపు ఆ వేడి కొంత మన మీదకొస్తుంది, ఇంజను మీద ఆ మేరకు తగ్గుతుంది. ముల్లు ఒక గీత దిగింది. పొట్టంగి రాకముందే మళ్లీ ఎక్కింది. చోటు చూసి పక్కకి ఆపాను. బానెట్ కింద, రేడియేటరులో ఎక్కువైన నీరు వచ్చి చేరే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు గుడగుడమంటున్నాయి, ఆవిరి వస్తోంది.

ఒక లారీ డ్రైవరు ఆగి, మంచి మనసుతోనే, గోనెపట్టా తెచ్చాడు. "అక్కా, రేడియేటర్ మూత తీసి చల్లనీళ్లు పోసేద్దాం" అన్నాడు. వద్దన్నాను. లోపలి నీళ్లు మరగకుండా ఆపుతున్నది ఆ మూత పట్టి ఉంచిన ఒత్తిడే. మూత తిప్పిన క్షణం ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ఎగజిమ్మి మొహం మీదకొస్తాయి. గోనెపట్టా దాన్ని ఆపలేదు. వేడి ఇంజనులో చల్లనీళ్లు పోస్తే హెడ్, అంటే ఇంజను పైభాగం, పగిలే ప్రమాదం కూడా ఉంది. ముప్పావుగంట రోడ్డు పక్కన కూర్చున్నాం. పిన్ని కట్టిచ్చిన అరిసెలు తిన్నాం. గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత తీసి, దగ్గరున్న నీళ్లు పోశాను. లీటరున్నర పట్టింది. అంత నీరు ఎటు పోయిందో అర్థం కాలేదు. అంతకు ముందురోజే డబ్బా చూశాను. పై గీత దాకా ఉంది.

ఊళ్లో మొదట చూపించిన గ్యారేజీలో థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటరులోకి వదలనిది, తీసి పారేశారు. "ఇది లేకపోతే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి, ఇంక హీటెక్కదు" అన్నారు. మన వైపు చాలామంది చేసే పని ఇదే, నాకు మాత్రం అస్సలు నచ్చని పని. ఇంజనుకి వేడి శత్రువు కాదు, దానికి సరిపడా వేడి కావాలి. డిసెంబరు పొద్దున సిమిలిగూడ చలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంజను లెక్కలు ఫోనులో చూపించే ఓబీడీ అనే చిన్న పరికరం కొని చూస్తే, ఆఫీసు చేరేదాకా ఇంజను వేడి 62 డిగ్రీలు దాటడం లేదు. ఇంజను చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. లీటరుకి 17 కిలోమీటర్లు ఇచ్చే బండి 14కి పడిపోయింది. ఇన్ని జరిగినా, సాలూరు వెళ్లి వచ్చిన రెండోసారి ఘాటు మీద అదే బండి 108 డిగ్రీలకి వెళ్లింది.

ఈసారి గ్యారేజీ మాట మారింది. హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ కింది ఇంజనుకీ మధ్య నీరు, పొగ కలవకుండా బిగించే పలక, పోయిందట, హెడ్ దించాలట, ఇరవై రెండు వేలట. నాకు రెండు రాత్రులు ఒకటే టెన్షన్.

అప్పుడు నాన్న కలగజేసుకున్నారు. నాన్న సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరయ్యారు. 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం మొదలైన ఫ్యాక్టరీ అది. మా కాలనీలో శ్రీకాకుళం, విజయనగరాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలానే ఉన్నాయి, మేమూ ఆ లెక్కే. నాన్న అడిగింది ఒక్కటే: "ఎప్పుడు హీటెక్కుతోందమ్మా? ఆగినప్పుడా, పరిగెత్తినప్పుడా, ఎక్కినప్పుడా?" నా దగ్గర జవాబు లేదు. ఒక పాత నోటుబుక్కు చేతికిచ్చారు. పది రోజులు రాయమన్నారు. ఏ రోడ్డు, ఏ గేరు, ఏసీ ఉందా లేదా, ఎంత వేడి, రాత్రి డబ్బాలో ఎంత, పొద్దున ఎంత.

ఆ పది రోజుల రాతే నాకు చాలా నేర్పింది. జయపురం సంత రోజున ట్రాఫిక్‌లో పావుగంట నిలబెట్టాను. 96 దగ్గర ఫ్యాను తిరిగింది, 91కి దిగాక ఆగింది. అంటే ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు, సెన్సరు అన్నీ బాగున్నట్టే. ఆగినప్పుడు మాత్రమే హీటెక్కి, కదిలితే తగ్గే బండికి ముందు చూడాల్సింది ఫ్యానే. బొరిగుమ్మ వైపు చదును రోడ్డు మీద ఎనభైలో అరగంట నడిపాను. వేడి నిలకడగానే ఉంది. రేడియేటరు లోపల పూడుకుపోయినా, ఇంజనులో నీళ్లు తిప్పే పంపు రెక్కలు అరిగిపోయినా, వేగం మీద వేడి మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. నాది పెరగలేదు. పంపు కింద చిన్న కన్నం ఒకటి ఉంటుంది, లోపల సీలు పోతే అక్కణ్నించి నీరు కారి మరక కడుతుంది. టార్చి వేసి చూశాం, పొడిగా ఉంది.

గ్యాస్కెట్ సంగతీ ఇంట్లోనే చూశాం. ఆయిల్ పుల్ల తీసి చూశాం, ఫిల్లర్ మూత లోపల చూశాం. ఆయిల్లో నీరు కలిస్తే పాలు ఎక్కువైన టీలా అవుతుంది. అలా లేదు. చల్లని ఇంజనుకి మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటరులో ఆగకుండా బుడగలు రాలేదు. పొగ గొట్టంలోంచి తియ్యటి వాసనతో తెల్లపొగా రాలేదు. చలికి పొద్దున్నే కాసేపు వచ్చే ఆవిరి వేరు, అది ప్రతి బండికీ వస్తుంది.

తొమ్మిదో రోజు పొద్దున నాన్న నన్ను బయటికి పిలిచారు. బానెట్ ఎత్తి, రేడియేటరు పై గొట్టం చూపించారు. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు గొట్టం చప్పిడిగా, లోపలికి పీల్చుకుపోయి ఉంది. పక్కన డబ్బాలో నీరు మాత్రం పై గీత దాటి ఉంది. మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. గొట్టం మళ్లీ ఉబ్బింది. రేడియేటరులో వేలు పెడితే నీరు తగల్లేదు.

ఇదంతా ఆ మూత పని. దానిలో రెండు వాల్వులుంటాయి. పెద్దది స్ప్రింగుతో బిగించి ఒత్తిడి నిలబెడుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే కొంత నీటిని డబ్బాలోకి వదులుతుంది. మధ్యలో ఉన్న చిన్నది, ఇంజను చల్లారి లోపల వెలితి ఏర్పడినప్పుడు తెరుచుకుని, అదే నీటిని డబ్బాలోంచి వెనక్కి రానిస్తుంది. నా మూతలో చిన్న వాల్వు తుప్పుతో, పాచితో అతుక్కుపోయింది. వెళ్లిన నీరు తిరిగి రావడం లేదు. నేను రోజూ చూసి తృప్తిపడ్డ డబ్బాలో ఉన్నది రేడియేటరు పోగొట్టుకున్న నీరు.

జయపురంలో నాన్నకి తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు, బాబాయ్ అంటాను. ఆయన దగ్గర మూతని పరీక్షించే చేతి పంపు ఉంది. మూత మీద 0.9 అని ముద్ర, అంటే అంత ఒత్తిడి దాకా పట్టి ఉంచాలి. ఆయన పంపు కొడుతుంటే 0.3 దగ్గరే తెరుచుకుంది. "చూశావా తల్లీ, స్ప్రింగు చచ్చిపోయింది" అని, నా చేత కూడా ఒకసారి పంపు కొట్టించారు. తరవాత నీలం రంగు మందున్న గాజుగొట్టం రేడియేటరు నోటికి పెట్టి ఇంజను నడిపారు. గ్యాస్కెట్ లోంచి సిలిండరు పొగ నీళ్లలోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారాలి. పది నిమిషాలైనా నీలంగానే ఉంది.

ఘాటు మీదే ఎందుకన్నది ఇంటికొచ్చాక నాన్న కాగితం మీద వేసి చూపించారు. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీలకి మరుగుతుంది. మాది దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ గిన్నెలో నీరు 97కే మరుగుతుంది. ఇంజను మామూలుగా పనిచేసేదే 90 పైన. మూత 0.9 పట్టుకుంటే ఇక్కడ కూడా మరిగే హద్దు 115 దాటుతుంది. 0.3కే వదిలేస్తే 105 దగ్గర ఆగిపోతుంది. హెడ్ లోపల, కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుల పక్కన లోహం మీటరు చూపించేదానికన్నా చాలా వేడిగా ఉంటుంది, ముందు అక్కడే ఆవిరి పుడుతుంది. పైగా రేడియేటరు సగం ఖాళీ, సెకండ్ గేరు, లారీల వెనక గాలి లేదు. సాలూరు చదునులో బయటపడనిది పొట్టంగి ఎక్కేసరికి బయటపడింది.

కొత్త మూత రెండొందల అరవై రూపాయలు. పాత థర్మోస్టాట్ ఎలాగూ లేదు కాబట్టి కొత్తది కూడా తెచ్చాం. బిగించే ముందు నాన్న దాన్ని దారానికి కట్టి, అమ్మ పాత పాలగిన్నెలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి స్టవ్ మీద పెట్టారు. దాని మీద 82 అని ఉంది. 80 దాకా కదల్లేదు. 83కి కొంచెం నోరు తెరిచింది, 95కి పూర్తిగా తెరుచుకుంది. లోపలి మైనం కరిగి ఉబ్బి వాల్వుని తోస్తుంది, అంతే దాని యంత్రాంగం. అమ్మ కూడా చివరిదాకా నిలబడి చూసింది. వంటింట్లో అయిదు నిమిషాల పని ఇది, విప్పిన ఏ థర్మోస్టాటునైనా పారేసే ముందు ఇలా చూడొచ్చు. పాత నీరంతా దించేస్తే ఇటుకపొడి రంగులో వచ్చింది. ఏళ్లుగా వాగునీరో కుళాయినీరో పోస్తూ వచ్చాం. ఈసారి కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం కలిపి పోశాం. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దించిన కూలెంటు నేల మీద వదలకండి. తియ్యగా ఉంటుంది, నాకుతాయి, విషం.

ఇంకొక్క మాట. ఘాటు మీద ముల్లు పైకెళ్లి ఉన్నట్టుండి కిందికి పడితే నిమ్మళించకండి. నీరు దిగిపోయి సెన్సరుకి తగలకపోతే అది తప్పుడు లెక్క చెబుతుంది. హీటరులోంచి వేడిగాలి రావడం ఆగి చల్లగాలి వస్తోందంటే లోపల నీరు లేనట్టే. అక్కడే ఆపేయాలి.

పోయిన ఆదివారం సాలూరు వెళ్లొచ్చాం, అమ్మ, నాన్న, నేను. అదే ఎండ, అవే లారీలు. పొట్టంగి దగ్గర ఫోనులో 99 కనిపించింది, సిమిలిగూడ చేరేసరికి 93. ఈ పొద్దున బానెట్ ఎత్తి చూశాను. పై గొట్టం గుండ్రంగా ఉంది. డబ్బాలో నీరు రాత్రి కంటే రెండు వేళ్లు దిగింది, మూత తీస్తే రేడియేటరు అంచు దాకా ఉంది.