ఐదో నెలలో టేపు పట్టుకున్నాక

కడుపుతో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ వాంతుల గురించే అడిగారు. నాకు అవి పెద్దగా లేవు. నా బాధంతా రొమ్ముల సలుపే. విజయవాడ బందరు రోడ్డులో బస్సు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిందంటే ప్రాణం పోయినంత పనయ్యేది. హ్యాండ్‌బ్యాగ్‌ను గుండెకు అదుముకుని కూర్చునేదాన్ని. డాక్టరమ్మను అడిగితే, హార్మోన్ల వల్ల పాలగ్రంథులు పెరుగుతాయనీ, మొదటి నెలల్లో ఈ నొప్పి మామూలేననీ చెప్పి, "మంచి సపోర్టున్న బ్రా వేసుకోండి" అన్నారు. ఆ మంచిదేదో ఎలా తెలుస్తుందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెళ్లికి ముందు నుంచీ నా బ్రా సైజు 34బి. అంకె ఒంటి చుట్టూ వచ్చే పట్టీది, అక్షరం కప్పుది. కొలిచి చెప్పినవాళ్లెవరూ లేరు. డిగ్రీలో ఉండగా అమ్మ కొన్న డబ్బా మీద ఆ అంకె ఉంది, అదే నా సైజైపోయింది.

నాలుగో నెల చివరికి హుక్కు పడటం మానేసింది. ముందు ఎక్స్‌టెండర్ కొన్నాను. వెనక తగిలించుకునే చిన్న హుక్కుల ముక్క అది. ఊపిరైతే ఆడింది. కానీ దానివల్ల పట్టీ పొడుగవుతుంది గానీ కప్పు పెద్దదవదు కదా! వారం తిరక్కుండానే పైనుంచి పొంగుకురావడం, చంకల దగ్గర కోసుకోవడం మొదలైంది.

సరేనని బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. నేను వెళ్లిన కొట్లో కౌంటర్ వెనక ఉన్నది మగవాళ్లే. గొంతు తగ్గించి "కొంచెం పెద్ద సైజు చూపించండి" అన్నాను. అతను ఒక్క చూపు చూసి, "38బి తీసుకోండి మేడమ్, ఫ్రీగా ఉంటుంది" అన్నాడు. ట్రయల్ రూము లేదు. ఇన్నర్స్ మార్చబడవని గోడ మీద రాసి ఉంది. వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. రెండు కొనేసి బయటపడ్డాను. చీరకైతే ఇరవై అడిగి చూసి ఒకటి కూడా కొనకుండా లేచొచ్చే మనిషిని నేను!

అవి రెండు రోజులు హాయిగానే ఉన్నాయి. తర్వాత భుజాలు లాగేశాయి. సాయంత్రానికి భుజాల మీద గాట్లు పడేవి. వెనక పట్టీ వీపు పైకి పాకిపోయేది. పాకినప్పుడల్లా భుజం పట్టీలు ఇంకాస్త బిగించేదాన్ని, దాంతో ఇంకాస్త పాకేది. కడుపు బరువు వల్ల వీపు నొప్పి అనుకుని అమృతాంజనం రాసుకున్నాను.

మధ్యలో స్పోర్ట్స్ బ్రా ముచ్చటా తీరింది. మే నెల విజయవాడలో, చెమట పట్టిన ఒంటి మీద, తల మీదుగా తొడిగే దాన్ని ఎక్కించడం ఒక కుస్తీ. ఓ రోజు సగంలో ఇరుక్కుపోతే మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది. దానికి తోడు రొమ్ముల కింద ఒరుసుకుపోయి ఎర్రగా పేలింది. నేను పౌడర్ దట్టించాను, అది చెమటతో ముద్దకట్టి మంట ఇంకా ఎక్కువైంది. డాక్టరమ్మ చూసి ఫంగస్ అని క్రీము రాశారు. స్నానం చేశాక అక్కడ అద్ది పూర్తిగా ఆరనివ్వాలి, తడిసిన బ్రా వెంటనే మార్చేయాలి అన్నారు. మా ఇంట్లో లోపలి బట్టల మీద తువ్వాలు కప్పి ఆరేయడం అలవాటు. అవి ఏనాడూ సరిగ్గా ఎండేవి కావు. ఆ తువ్వాలు తీసేశాను.

అసలు సంగతి తెనాలిలో తేలింది. అక్క పెళ్లికి జాకెట్టు వదులు చేయించుకుందామని అమ్మ వాళ్ల ఎదురింటి టైలరు పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ టేపు పెట్టి, "ఛాతీ ఒక్కటే కాదమ్మా, కింద చుట్టుకొలత కూడా రెండంగుళాలు పెరిగింది" అంది. నెలలు నిండే కొద్దీ పక్కటెముకల గూడు కూడా వెడల్పవుతుందని నాకప్పటిదాకా తెలియదు. భుజాల గోడు చెప్పుకున్నాను. "జాకెట్టుకు నడుం పట్టీ కుదరకపోతే భుజం ఎంత సర్దినా నిలవదు. దీనికీ అంతే" అంది.

రొమ్ముల కింద 32 అంగుళాలు, నిండు భాగం మీద 39. మన దగ్గర చాలా కంపెనీల చార్టుల్లో కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలిపి బ్యాండ్, అంటే ఆ చుట్టు పట్టీ, సైజు వేస్తారు, కొన్ని కలపవు. అందుకే ఎవరిది కొంటే వాళ్ల చార్టే చూడాలి. నేను చూసిన చార్టు ప్రకారం 32కు నాలుగు కలిపితే 36, నిండు కొలత దానికన్నా మూడంగుళాలు ఎక్కువ గనక సి, అంటే నాది 36సి. తమాషా ఏమిటంటే 36సి, 38బి కప్పుల్లో పట్టేది దాదాపు ఒకటే. కొట్టతను కప్పు సరిగ్గానే ఊహించాడు. పట్టీయే వదులు. బరువు మోయాల్సింది ఆ పట్టీ. అది మోయకపోయేసరికి భారమంతా భుజాల మీద పడింది.

వాపసు తీసుకునే చోట చూసి ఆన్‌లైన్‌లో రెండే తెప్పించాను, కాటన్‌వి, వెడల్పు పట్టీలవి. వేసుకుని చేతులు పైకెత్తి చూశాను, కదల్లేదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాయి. లోపలి హుక్కుకు, అంటే అన్నిటికన్నా బిగుతుగా పట్టేదానికి, సరిపోయేవే ఉంచుకున్నాను, ముందు ముందు వదులు చేసుకోవడానికి. ఎనిమిదో నెలలో పాలిచ్చే బ్రాలు కొన్నప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. కాన్పయ్యాక పక్కటెముకలు మళ్లీ దగ్గరవుతాయి గనక, కొనేటప్పుడు చివరి హుక్కుకు, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండేదానికి, సరిపోయేది తీసుకోవాలి. పాలు పడ్డాక కప్పు ఇంకా పెరుగుతుంది, కాబట్టి అక్కడ కొంత ఖాళీ ఉండాలి.

ఇదంతా చదువుకుని కొన్నాను గానీ, పాలివ్వడానికి కప్పు తెరిచే క్లిప్పు సంగతి మరిచాను. ఒంటి చేత్తో తీసి చూడాలని తట్టలేదు. రెండో చేతిలో ఏడ్చే బిడ్డ ఉంటుంది కదా. నేను కొన్నదాని క్లిప్పు మహా బిగుసు. కాన్పయ్యాక మూడో రాత్రి నా అవస్థ చూసి అమ్మ దాన్ని తీసి అవతల పడేసి, తన పాత నూలు జాకెట్టు ఇచ్చింది, ముందు హుక్కులది.