తగ్గుతున్న బరువును చూసి మురిసిపోయిన రోజులు

2023 జనవరి ఒకటో తేదీన కొత్త డైరీ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రెండు లక్ష్యాలు రాసుకున్నాను. ఒకటి 58 కిలోల బరువు, రెండోది గంటలో పది కిలోమీటర్ల పరుగు. అప్పటికి నా వయస్సు నలభై ఒకటి, బరువు 67 కిలోలు. రాజమహేంద్రవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున పది గంటలకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరు దాటాక గానీ లేచే వీలుండదు. పరుగు మాత్రం నాకు కొత్త కాదు. హైస్కూలులో ఐదేళ్లు ఖోఖో ఆడాను. నడిమి గీత మీద ఎనిమిది మందిమి ఒకరికొకరు ఎడమొహం పెడమొహంగా గొంతుక్కూర్చునే వాళ్లం. తరుముతున్న అమ్మాయి వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అన్న క్షణంలో స్ప్రింగులా లేచి పరుగందుకోవాలి. ఇప్పటికీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట అదే. పెళ్లి, ఉద్యోగం, అబ్బాయి చదువు అంటూ పదిహేనేళ్లు వదిలేసిన ఆ పరుగును మళ్లీ పట్టుకోవాలన్నదే ఆ ఎర్ర సిరా అంకెల వెనకున్న కోరిక.

ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టేదాన్ని. మొదటి నెలంతా నడక. రెండో నెలలో రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. వేసవి వచ్చేసరికి ఆగకుండా మూడు కిలోమీటర్లు పరుగెత్తగలిగాను. వారానికి రెండు రోజులు ఇంట్లోనే గుంజీలు, గోడకు ఆని చేసే దండీలు, స్కిప్పింగ్. జూలై నాటికి నా బరువు 62 కిలోలు, ఐదు కిలోమీటర్లకు పట్టే సమయం ముప్పై రెండు నిమిషాలు. ఈ ఐదు కిలోలూ నేను నిజాయితీగా సంపాదించుకున్నవని ఇప్పటికీ నమ్ముతాను. ఎందుకంటే బరువు తగ్గిన కొద్దీ నా పరుగు వేగం పెరిగింది, మెట్లెక్కుతుంటే ఆయాసం పోయింది, రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది.

ఆగస్టు నుంచి లెక్క తప్పింది. బరువు మునుపటికన్నా వేగంగా తగ్గసాగింది. పరుగు మాత్రం నెమ్మదించింది. సెప్టెంబరు నెలాఖరుకు 58 కిలోలకు వచ్చాను, కానీ ఐదు కిలోమీటర్లకు ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతోంది. డైరీలో ఆ రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి, నా చేతి రాతే. అయినా నేను మొదటి అంకె చుట్టూ సున్నా చుట్టుకుని సంతోషించాను, రెండో దానికి వానలను, బురదను కారణంగా రాసుకున్నాను. వ్యాయామం వల్ల బరువు తగ్గుతున్న మనిషికి శక్తి పెరగాలి. బరువూ శక్తీ రెండూ కలిసి పడిపోతుంటే అది వ్యాయామ ఫలితం కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మిగతా లక్షణాలకూ నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. రాత్రిళ్లు దిండు తడిసేలా చెమట పడితే గోదావరి ఒడ్డున భాద్రపద మాసపు ఉక్కపోత అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి ఒళ్లు వెచ్చబడి, వీపు మీద సన్నగా చలి పాకితే ఆఫీసులో ఏసీ అనుకున్నాను. ఆకలి మందగిస్తే మంచిదే, తక్కువ తింటున్నాననుకున్నాను. పొడి దగ్గు ఒకటి పట్టుకుని వదలలేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తే దుమ్ము పడటం లేదన్నారు. మూడు వారాల్లో రెండు రకాల యాంటీబయాటిక్‌లు, రెండు దగ్గు మందులు వాడాను. కఫం పరీక్ష చేయిద్దామని అక్కడ ఎవరూ అనలేదు, అడగాలని నాకూ తోచలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలన్న మాట ప్రభుత్వాసుపత్రి గోడల మీద ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అది నాలాంటి వాళ్లకు వర్తిస్తుందని, అంటే రోజూ పరుగెత్తే వాళ్లకు, వేళకు తినే వాళ్లకు కూడా వర్తిస్తుందని నాకు తట్టనే లేదు.

ఆఫీసులో అందరూ సన్నబడ్డానని మెచ్చుకున్నారు. ఒకావిడ ఏం తింటున్నానో కాగితం మీద రాయించుకుని మరీ వెళ్లింది.

పట్టుకున్నది మా అత్తయ్య. దసరా నాడు పూజ దగ్గర హారతి పళ్లెం అందుకుంటుంటే నా మట్టిగాజులు మణికట్టు నుంచి జారి మోచేతి దాకా వెళ్లి ఆగాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. “అమ్మాయ్, సంక్రాంతికి సబ్బు రాస్తే గానీ నీ చేతికెక్కని గాజులమ్మా ఇవి. పరుగెత్తి చిక్కిన మనిషికి మొహంలో కళ ఉంటుంది. నీ మొహం చూడు, నూనె లేని దీపంలా ఉంది. లోపల ఏదో తినేస్తోంది,” అన్నారు. వారం రోజులు నేను మాట దాటవేశాను. ఎనిమిదో రోజు దగ్గుతో పాటు రుమాలు మీద సన్నటి ఎర్రచార కనిపించింది. ఆ రుమాలు ఆవిడకు చూపించకుండానే ఆసుపత్రికి బయలుదేరాను.

ప్రభుత్వాసుపత్రిలో కఫం రెండుసార్లు ఇమ్మన్నారు, ఒకటి అక్కడికక్కడ, రెండోది మర్నాడు నిద్ర లేవగానే. ట్రూనాట్ యంత్రం మీద చేసిన పరీక్షలో క్షయ క్రిములున్నాయని, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అవి లొంగే రకమేనని తేలింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మబ్బు పట్టినట్టుంది, దాని నడుమ చిన్న గూడు. చక్కెర, హెచ్‌ఐవి పరీక్షలు క్షయ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారట, నాకూ చేశారు, రెండూ లేవు. అక్కడి తూకం మీద నిలబడితే 52 కిలోలు. ఇంట్లో ఉన్న తూకం తప్పు చూపుతోందని ఆ ముందు వారం కూడా అనుకున్నాను.

క్షయ అంటే తరిగిపోవడం. తిథులు క్షయమవుతాయి, పుణ్యం క్షయమవుతుంది అని రోజూ వాడే మాటే. తరిగిపోవడాన్నే లక్షణంగా గుర్తించి మన పెద్దలు ఆ జబ్బుకు పేరు పెట్టారు. ఆ తరుగుదలనే నేను లక్ష్యంగా రాసుకుని రోజూ కొలుచుకున్నాను. ఆ రోజు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఈ సంగతి తలుచుకుని చాలా సేపు ఏడ్చాను.

2023 నవంబరు మొదటి వారంలో చికిత్స మొదలైంది. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసిన బిళ్లలు, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. బిళ్లల సంఖ్య బరువును బట్టి ఉంటుంది, నాకు రోజుకు నాలుగు. పరగడుపున వేసుకునేదాన్ని. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ఆరోగ్య కార్యకర్త ముందే చెప్పడంతో మొదటి రోజు చూసి బెదరలేదు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేసి, ఎవరికీ జబ్బు లేదని తేలాక ముందుజాగ్రత్త మందు ఇచ్చారు. పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఖాతాలో పడేవి. ఆ డబ్బు అవసరం లేని ఇల్లు మాది. ఆ వరండాలో నా పక్కన కూర్చునే ఇటుకబట్టీ కూలీకి మాత్రం అది గుడ్లకూ పాలకూ ఎంత అవసరమో ఆమె నోటనే విన్నాను. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలకు పెంచారు. ఆ వార్త చదివినప్పుడు మొదట ఆమే గుర్తొచ్చింది.

అత్తయ్య ముందు నా కంచం, గ్లాసు వేరు పెట్టారు. దానికి కారణం వివక్ష కాదు, భయం. ఆవిడ చిన్నతనంలో మేనమామ ఒకాయన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాదికి పైగా ఉండి వచ్చారట. 1912లో స్థాపించిన ఆ శానిటోరియం పేరు అప్పట్లో తెలుగునాట ఇంటింటా తెలుసు. మంచి గాలి, మంచి తిండి, మంచం దిగకుండా విశ్రాంతి, ఇదే వైద్యమని ఆవిడకు గుర్తు. అందుకే నన్నూ ఆరు నెలలు మంచం దిగవద్దన్నారు. జబ్బు గాలి ద్వారా వస్తుందే తప్ప కంచాల వల్ల కాదని, మందు సరిగా పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు సోకే గుణం బాగా తగ్గుతుందని డాక్టరుగారు ఆవిడను కూర్చోబెట్టి చెప్పారు. మంచం సంగతికి ఆయన మద్రాసు అధ్యయనం గురించి చెప్పారు. 1956లో మద్రాసులో క్షయ రోగులలో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చి చూశారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు తిండి, విశ్రాంతి తక్కువైనా దాదాపు అంత బాగానూ నయమైందని 1959లో ఫలితాలు వచ్చాయి. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి ఆ అధ్యయనమే పెద్ద కారణమైంది. “మందు ముఖ్యమండీ. మంచం కాదు,” అన్నారాయన. అత్తయ్య మర్నాటి నుంచి కంచాలు కలిపేశారు.

అయితే ఆయన నాకూ ఒక షరతు పెట్టారు. జ్వరం పూర్తిగా తగ్గి, బరువు పెరగడం మొదలయ్యేదాకా ఇంట్లో అటూ ఇటూ తిరగడమే తప్ప పరుగు మాట తలపెట్టకూడదు. జ్వరం మూడో వారానికి పోయింది. రెండో నెలలో చీలమండలు, మోకాళ్లు పట్టేసినట్టు నొప్పి పుట్టి, ఇక జన్మలో పరుగెత్తలేనేమోనని దిగులు పడ్డాను. పైరజినమైడ్ వల్ల యూరిక్ ఆమ్లం పెరిగి అలా నొప్పులొస్తాయని, ఆ మందు ఆపగానే పోతాయని చెప్పారు. జనవరిలో ఆపారు, రెండు వారాల్లో పోయాయి.

ఆ జనవరిలోనే నాకు అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసింది. ముగ్గు వేయడానికి వాకిట్లో గొంతుక్కూర్చున్నాను. లేవబోతే తొడలు లేపలేదు. అరచేతులు రెండూ నేలకానించి, ఒక మోకాలు ముందు, ఒక మోకాలు వెనక ఎత్తి లేవాల్సి వచ్చింది. ‘ఖో’ అన్న మాట చెవిన పడక ముందే లేచిన కాళ్లవి. పోయింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరిగింది. కొవ్వు కోసం తిరిగిన తూకం ముల్లుకు కండ కరిగినా తేడా తెలియదు.

డైరీలో కొత్త పేజీ తీసి ఆ రోజే ఒకే ఒక్క లక్ష్యం రాశాను: చేయి ఆనించకుండా గొంతుక్కూర్చున్న చోటు నుంచి లేవాలి. పాత పేజీని చింపలేదు. మొదట భోజనాల కుర్చీ మీద రెండు దిళ్లు పేర్చి దాని మీంచి చేతులు కట్టుకుని లేచేదాన్ని, పూటకు ఐదుసార్లు. వారం తర్వాత ఒక దిండు, ఆపైన ఉత్త కుర్చీ, ఆపైన వంటింటి పీట. పీట మీంచి లేవడానికి ఫిబ్రవరి దాటింది. దాంతో పాటే నడక. గోదావరి గట్టు మీద పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోయాను. పక్కన నడిచే మా వారితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగమే వెళ్లాలని, మాట తెగితే నెమ్మదించాలని డాక్టరుగారి కొలత. తిండిలో రోజూ రెండు గుడ్లు, ముద్దపప్పు, గుప్పెడు వేరుశనగపప్పు, వారానికి రెండుసార్లు చేపల పులుసు. ఇన్నాళ్లూ ముల్లు దిగాలని ఏ తూకం ఎక్కానో అదే తూకం మీద ఇప్పుడు ముల్లు ఎక్కాలని కోరుకుంటూ నిలబడేదాన్ని. రెండు నెలలకు 54, నాలుగు నెలలకు 56. కొన్ని వారాలు కదలనే కదలలేదు. అలాంటి ఒక సాయంత్రం అత్తయ్య దక్షుడి శాపంతో చంద్రుడికి క్షయ పట్టిన కథ చెప్పి, భీమవరం సోమేశ్వరుడి లింగం పున్నమికి తెల్లబడుతుందన్న నమ్మకాన్నీ చెప్పి, “తరిగినవాడే మళ్లీ పెరుగుతున్నాడు కదమ్మా, ఒక్క రాత్రిలో నిండుతాడా?” అన్నారు. ఆ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ రోజు ఇంకొక గరిటె పప్పు వేయించుకున్నాను.

2024 మే నెలలో మందులు పూర్తయ్యాయి, కఫంలో క్రిములు లేవు. ఎక్స్‌రేలో ఒక మచ్చ మిగిలింది, అది ఉండిపోతుందట. నాలుగు రోజుల తర్వాత ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లి ఒక చుట్టు పరుగెత్తాను. సగం చుట్టులోనే గొంతులో ఊపిరి ఈల వేసినట్టయింది. ఆగి, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదిలి, తక్కిన సగం నడిచాను. మళ్లీ 2023 నాటి పద్ధతే, రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తడానికి తొమ్మిది నెలలు పట్టింది.

ఇప్పుడు నా బరువు 60 కిలోలు. ఐదు కిలోమీటర్లు ముప్పై ఐదు నిమిషాలు. డైరీలో రెండు వరుసలు ఉంచుతున్నాను, బరువు ఒక వైపు, పరుగు సమయం ఇంకో వైపు. ఒకే నెలలో బరువు తగ్గి, పరుగు సమయం పెరిగితే ఆ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్తానని మా వారికి మాటిచ్చాను. మైదానంలో నాతో నడిచే ఆడవాళ్లలో ఎవరైనా ఇట్టే సన్నబడితే వెంటనే మెచ్చుకోను. ఆకలి ఎలా ఉంది, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా, దగ్గేమైనా ఉందా అని అడుగుతాను. మొదట్లో ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఒకామె మాత్రం పరీక్ష చేయించుకుంది, థైరాయిడ్ అని తేలింది.

చికిత్స అయ్యాక రెండేళ్ల వరకు ఆరు నెలలకోసారి పరీక్షకు రమ్మన్నారు. మూడు అయ్యాయి. నాలుగోది 2026 మే నెలలో. ఆ లోగా పది కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో పూర్తి చేయాలని రాసుకున్నాను. గొంతుక్కూర్చుని లేవడం మాత్రం రోజూ పొద్దున ముగ్గు దగ్గరే అయిపోతోంది, చేయి ఆనించకుండా.