కండరం చిరిగింది, ఆపరేషన్ వద్దన్నారు

షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా వినపడే మాటలు. మోషన్ ఆపుకోలేకపోవడం అలాంటిది కాదు. మావారికి కూడా చాలా రోజులు "కడుపు బాగోలేదు" అనే చెప్పాను.

నెలసరి ఆగిపోయిన కొన్నేళ్ళకి మొదలైంది. వస్తోందని తెలిసేసరికే ఆలస్యమైపోయేది. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. టీచర్ల బాత్రూం కింద, నా క్లాసు పై అంతస్తులో. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి, "మిగతాది మీరు చెయ్యండర్రా" అని మెట్లు దిగేదాన్ని. కొన్నిసార్లు మెట్ల మీదే అయిపోయేది. బ్యాగులో ప్యాడ్లు, ఇంకో లంగా, ఒక కవరు ఎప్పుడూ ఉండాల్సిందే. లేత రంగు చీరలు బీరువాలోకి పోయాయి. బడి ఉన్న రోజు పొద్దున ఏమీ తినేదాన్ని కాదు. గుడికి వెళ్ళడానికి మనసొప్పేది కాదు, మైలగా అనిపించేది. మా అత్తగారైతే "వేళాపాళా లేకుండా అన్ని స్నానాలేంటమ్మాయ్, జ్వరం వస్తుంది" అని గొడవ.

మొదట చూపించుకున్న చోట అమీబియాసిస్ అని మాత్రలు రాశారు. ఇంకో చోట పైల్స్ అని పూత మందు ఇచ్చారు. రెండు చోట్లా పరీక్ష చేసి చూసింది లేదు. మూడో చోట ఒక సర్జన్ కాన్పుల సంగతి అడిగారు. 1993లో మా పెద్దాణ్ణి ఫోర్సెప్స్ వేసి తీశారు, మూడున్నర కిలోల పైనే ఉన్నాడు, కుట్లు కూడా పడ్డాయి అన్నాను. వెంటనే మలద్వారం లోపలినుంచి చేసే ఎండోఏనల్ అల్ట్రాసౌండ్ అని ఒకటి చేయించి, "మలద్వారాన్ని మూసి ఉంచే కండరం చిరిగింది, కుట్టేద్దాం" అని ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు.

ముప్పై ఏళ్ళ కిందటి కుట్లకీ ఇప్పటి బాధకీ సంబంధమేంటి అని మావారి అనుమానం. సంబంధం ఉంది. మా అమ్మాయి ఒక పరిశోధన గురించి చదివి చెప్పింది. లండన్‌లో చేసి, సరిగ్గా మా వాడు పుట్టిన 1993లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వేశారట. తొలిసారి మామూలు కాన్పు అయిన ఆడవాళ్ళకి ఇదే అల్ట్రాసౌండ్ చేస్తే, 35 శాతం మందిలో ఈ కండరం దెబ్బతిని కనిపించింది. ఫోర్సెప్స్ వేసిన 10 మందిలోనైతే 8 మందికి. వాళ్ళలో చాలామందికి అప్పటికి ఏ బాధా లేదు. వయసులో ఉన్నప్పుడు మిగిలిన కండరం నెట్టుకొస్తుంది. నెలసరి ఆగి, పైన షుగరు కూడా చేరాక అసలు సంగతి బయటపడుతుంది.

ఆపరేషన్ అనేసరికి అమ్మాయి "ఇంకొకరికి చూపిద్దాం అమ్మా" అని హైదరాబాద్ రమ్మంది. అక్కడ గ్యాస్ట్రో డాక్టరు ఒకావిడ. పెద్ద పరీక్షలన్నీ వెంటనే రాసేస్తారనుకున్నాను. ఆవిడ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మోషన్ ఎలా ఉంటుందో ఏడు రకాల బొమ్మలు, ఉండలుండలుగా ఉన్నదాని నుంచి నీళ్ళ దాకా. రెండు వారాల పాటు ఎప్పుడు వెళ్ళానో, ఏ నంబరో, బట్టల్లో అయిందా లేదా, ముందు ఏం తిన్నానో రాసుకురమ్మన్నారు. వాడుతున్న మందుల చీటీలు కూడా అన్నీ తెమ్మన్నారు. గట్టి మలం, నీళ్ళ మలం, గ్యాస్, ప్యాడ్ వాడకం, రోజువారీ పనికి ఇబ్బంది, ఈ అయిదింటి మీద ప్రశ్నలడిగి 20కి మార్కులు వేశారు. ఎక్కువ వస్తే బాధ ఎక్కువన్నమాట. జీవితమంతా మార్కులు వేసినదాన్ని, నాకు 13 వచ్చాయి.

తర్వాత గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేశారు. "బిగించండమ్మా. ఇంకా. ఇప్పుడు వదలండి." సగం సంగతి ఆ వేలికే తెలిసిపోతుందని ఆవిడే అన్నారు. లోపలి కండరం మన ప్రమేయం లేకుండా ఎప్పుడూ మూసి ఉంచుతుంది, అది పాడైతే మనకు తెలియకుండానే కారుతుంది. బయటిది మనం బిగించేది, అది బలహీనపడితే వస్తోందని తెలిసినా ఆపలేం. మలబద్ధకంతో లోపల గట్టిగా పేరుకుపోయి, దాని పక్కనుంచి నీళ్ళు కారే రకం ఇంకోటి. దానికి పొరపాటున విరేచనాలు కట్టే మాత్రలిస్తే ఇంకా బిగుసుకుపోతుంది. నాది రెండో రకం.

పెద్దపేగు లోపలికి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ కూడా అయింది. యాభై దాటిన మనిషికి మోషన్ తీరు మారితే అది వదలకూడదట. శుభ్రంగా ఉందన్నారు, చిన్న ముక్కలు తీసి పంపినవీ బాగానే వచ్చాయి.

తర్వాత ఆ కండరాల బిగువు కొలిచే మానోమెట్రీ. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఆ పేరు వినే చాలామంది వెనక్కి తగ్గుతారు. నాకూ ముందు రాత్రి నిద్రలేదు. ముందు ఎనిమా ఇచ్చారు. ఎడమవైపు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోమన్నారు, నడుము దాకా దుప్పటి కప్పారు. వేలికన్నా సన్నటి గొట్టం, కొసన చిన్న బుడగ, ఒంటినిండా ఒత్తిడి కొలిచే సెన్సర్లు. నొప్పేమీ లేదు, సిగ్గు మాత్రం ఉంది. అదీ మొదటి అయిదు నిమిషాలే. టెక్నీషియన్ అమ్మాయి మా పదో తరగతి పిల్లలా ఉంది. "బిగించండి మేడమ్, వదిలేయండి, దగ్గండి" అంటూ ఉంటే ఎదురుగా స్క్రీన్ మీద నీలం రంగు మధ్యలో పసుపు పట్టీ వెలిగి ఆరిపోతోంది. మామూలుగా ఇక్కడ ఎర్రగా రావాలంది. తర్వాత బుడగలోకి కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ, "తెలుస్తోందా మేడమ్?" అని అడగడం మొదలుపెట్టింది. లేదు. లేదు. ఇంకా లేదు. దాదాపు 80 మిల్లీలీటర్ల దగ్గర గానీ లోపల ఏదో ఉన్నట్టు నాకు తెలియలేదు. చాలామందికి అందులో సగంలోపే తెలుస్తుందట.

నా కథ మారింది ఆ ఒక్క అంకె దగ్గర. చిరుగు నిజమే. గడియారం ముల్లు లెక్కన 11 నుంచి 1 దాకా, ముందువైపు, బయటి కండరంలో. లోపలి కండరం చెక్కుచెదరలేదు. బయటిదానికీ బిగించే శక్తి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అసలు ఇబ్బంది ఏమిటంటే కబురు నాకు ఆలస్యంగా అందుతోంది. అందేసరికి బిగించే వ్యవధి ఉండదు. పైగా నా డైరీలో బట్టలు పాడైన రోజులన్నీ ఆరో నంబరు బొమ్మ రోజులే, పల్చటివి. అది మెట్‌ఫార్మిన్ పని కావచ్చన్నారు డాక్టరు. షుగరుకి ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మాత్ర, డోసు పెంచి ఏడాది దాటింది. అంతకుముందు మూడు చోట్ల తిరిగాను, నా షుగర్ మందుల చీటీ అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

"మరి కుట్టించుకోవాలా డాక్టర్ గారూ?" అని అడిగాను.

"కుడితే చిరుగు కలుస్తుంది. బుడగ 80 దగ్గర తెలియడం మారదు, పల్చటి విరేచనం మారదు. ఈ వయసులో కుట్టినదాని బలం కూడా కొన్నేళ్ళకి తగ్గుతూ వస్తుంది. కాన్పయిన కొత్తలో పెద్ద చిరుగుంటే నేనే కుట్టించుకోమంటాను. మీకు ముందు మిగతా రెండూ చూద్దాం."

నరాల పరీక్ష కూడా చేయించేయమని మావారు పట్టుబట్టారు, ఇంత దూరం వచ్చాం కదా అని. ఆవిడ నవ్వి, "అందులో ఏమొచ్చినా నేను రాసే మందు మారదండీ. ఎందుకు మీకు ఖర్చు?" అన్నారు. పరీక్ష వద్దన్న డాక్టర్ని చూడటం మావారికి అదే మొదటిసారి అనుకుంటాను, చాలాసేపు నమ్మలేదు.

షుగర్ డాక్టరుతో మాట్లాడి మెట్‌ఫార్మిన్‌ని నెమ్మదిగా కరిగే రకానికి మార్చి డోసు తగ్గించారు. రాత్రి ఇసబ్గోల్. ఖాళీ కడుపున కాఫీ బంద్. అన్నిట్లోకీ ఇదే కష్టమైంది. బయోఫీడ్‌బ్యాక్ కోసం సెలవులు పెట్టి అమ్మాయి దగ్గరే ఉన్నాను. మళ్ళీ అదే బుడగ, కాకపోతే ఈసారి పరీక్ష కాదు, ప్రాక్టీసు. ఊదిన వెంటనే గుర్తుపట్టాలి, గుర్తుపట్టిన వెంటనే బిగించాలి. వారం వారం గాలి తగ్గించుకుంటూ వచ్చారు. ఫిజియోథెరపిస్టు ఒకటే మాట: "పొట్ట బిగించకండి ఆంటీ, పిరుదులు బిగించకండి, గ్యాస్ ఆపుకున్నట్టు అక్కడే." ఇంట్లో కూడా పదంకెలు లెక్కపెట్టి బిగించడం, వదలడం.

పల్చదనం ముందు తగ్గింది, మాత్ర మార్చిన నెల లోపే. ఆపుకోవడం రావడానికి మాత్రం నెలలు పట్టింది. చివర్లో మళ్ళీ కొలిస్తే బుడగ 40కి తెలిసింది. బిగించే బలం అంకె దాదాపు అక్కడే ఉంది, చిరుగు ఎలాగూ ఉంటుంది. మార్కులు మాత్రం 13 నుంచి 5కి దిగాయి. ఆ 5లో గ్యాస్‌దే పెద్ద వాటా. అది ఇప్పటికీ నా మాట వినదు. దూరప్రయాణం ఉంటే డాక్టరు చెప్పిన ప్రకారం విరేచనం కట్టే లోపరమైడ్ మాత్ర వేసుకుంటాను.

మొన్న మా చెల్లి గుడివాడ నుంచి ఫోన్ చేసి, అటూ ఇటూ తిప్పి తిప్పి చివరికి సంగతి చెప్పింది. తనకీ అంతేనట.

"ఆ గొట్టం పరీక్షలన్నీ చేయించుకోమంటావా అక్కా?"

"ముందు ఒక నోటు బుక్కు కొనుక్కో. ఏడు బొమ్మల కాగితం వాట్సాప్‌లో పెడతాను."

"బొమ్మలా?" అని నవ్వింది. నవ్వుతూనే, "నేను కూడా మెట్‌ఫార్మినే కదే వేసుకునేది" అంది.