నాన్న సాయంత్రం క్వార్టర్ మానిన వైనం – నా అనుభవం

మా నాన్నకి డెబ్బై దాటాయి. ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరై తెనాలిలో ఉంటున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పెళ్లికో పండక్కో తప్ప తాగేవారు కాదు. అమ్మ పోయాక మాత్రం పొద్దు గుంకితే క్వార్టర్ సీసా, అదీ ఇంట్లోనే, ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా తాగి పడుకోవడం. గొడవ చెయ్యరు కాబట్టి చుట్టాలెవరికీ అది సమస్యగానే కనపడలేదు, "ఈ వయసులో ఏం మాన్పిస్తావే, పోనీ" అనేవాళ్లు. 2024 అక్టోబరులో ఆంధ్రాలో 99 రూపాయలకే క్వార్టర్ వచ్చాక ఖర్చన్న అడ్డం కూడా పోయింది.

ఒక రాత్రి నేను అక్కడే ఉన్నాను. అన్నం తినకుండా పడుకున్నారు. లేపితే మాట ముద్దగా వస్తోంది, చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోయింది. చూసినవాళ్లెవరైనా తాగిన మత్తే అనుకుంటారు. అనుమానం వచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే షుగర్ 48కి పడిపోయింది! మింగగలుగుతున్నారు కాబట్టి పంచదార నీళ్లు పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగర్‌కి వేసుకునే గ్లిమెపిరైడ్ ఒకపక్క, ఖాళీ కడుపున తాగిన మద్యం ఇంకోపక్క. ఆల్కహాల్ పడితే లివర్ రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిపోతుంది, అదీ ఇదీ కలిసి ప్రాణం మీదికి తెస్తాయని అక్కడ చెప్పారు. ఆయన తాగుతారా అని అంతకుముందు చూసిన డాక్టర్లెవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే దయచేసి మీరే చెప్పండి, వాళ్లు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. నాన్న సంచిలో నిద్ర కోసం మెడికల్ షాపులో కొనుక్కున్న ఆల్ప్రజోలం కూడా బయటపడింది. మద్యం మీద అది పడితే ఊపిరి మందగిస్తుంది, రాత్రి బాత్రూంకి లేచినప్పుడు తూలిపడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

నేను ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఒక్కసారిగా మాన్పించొద్దు, ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించండి అన్నారు. "నేనేమన్నా తాగుబోతునా?" అని నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. "షుగర్ మళ్లీ అలా పడిపోకుండా చూసుకుందాం నాన్నా" అంటే బయల్దేరారు.

గుంటూరులో ఆ డాక్టర్ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. తాగుడు అలవాటు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలు అడిగి మార్కులు వేశారు. 30 మిల్లీలీటర్ల విస్కీలో 10 గ్రాముల ఆల్కహాల్, అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు అని కాగితం మీద లెక్క రాసి చూపించారు. వయసు పైబడేకొద్దీ ఒంట్లో నీటిశాతం తగ్గుతుంది కాబట్టి అదే సీసా పాతికేళ్ల కిందటికన్నా ఇప్పుడు ఎక్కువ ఎక్కుతుందట. అమెరికాలో 65 దాటిన, ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులకే వారానికి ఏడు డ్రింకులు (అక్కడ ఒక డ్రింకంటే 14 గ్రాముల ఆల్కహాల్) మించొద్దని చెబుతూ వచ్చారు, ఈయన రెండు రోజుల్లోనే అది దాటేస్తున్నారు. లెక్కలు చూసుకునే మనిషి కదా, నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పొద్దున్నే చేతులు వణకడం చూసి కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచారు. ఉన్నట్టుండి ఆపేస్తే రెండుమూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు. అవి రాకుండా లొరాజెపామ్ ఇచ్చి, దాని మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు కూడా చేశారు. ఈలోగా మా బాబాయి తాగుడు మాన్పిస్తుందంటూ కూరలో తెలియకుండా కలిపే పొడి తెచ్చాడు. నేను ఒప్పుకోలేదు. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మాత్ర) ఉంటే, దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు, ఈ వయసులో మరీ.

అసలు కష్టం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య. ఆ వేళకి కడుపు ఖాళీగా ఉండకుండా ఉప్మానో ఇడ్లీనో పెట్టడం, ఇంట్లో సీసా లేకుండా చూడటం మా పని. వీధిలో వాళ్ల పాడైపోయిన మిక్సీలు తెచ్చి ఆయన ముందు పెట్టిన ఆలోచన మాత్రం మా అబ్బాయిది. పేపర్ పరిచి, స్క్రూలు వరసగా పేర్చుకుంటూ కూర్చుంటే అన్నం వేళ అయ్యేదాకా లేవరు.

షుగర్ డాక్టర్ గ్లిమెపిరైడ్ ఆపి వేరే మాత్ర రాశారు. మొన్న ఒక పెళ్లిలో నాన్న రెండు పెగ్గులు తాగారు, మర్నాడు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. గుంటూరు డాక్టర్ ఏమీ అనకుండా, నెలాఖరున రావాల్సినవాళ్లని ఈ వారమే రమ్మన్నారు.