ఆ రాత్రి ఆముదం పట్టలేదు

పాపకి ఏడేళ్లు. పది రోజులుగా బొడ్డు చుట్టూ నొప్పి అంటూనే ఉంది. ఆ రాత్రి వాంతిలో జానెడు ఏలికపాము పడింది. పొద్దుటి నుంచి విరేచనం లేదు, గాలి కూడా పోలేదు, పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. ఇంట్లో పెద్దావిడ ఆముదం గోరువెచ్చగా కాస్తూ, "తల్లే బెల్లం ముక్కలు పెట్టి పురుగులు పుట్టించింది" అంది. ఆ మాట నేనింకా క్షమించలేదు. తీపితో పురుగు పుట్టదు. మట్టిలో చేరిన గుడ్డు గోళ్ల సందున, కడగని ఆకుకూరతో నోట్లోకి పోతేనే పుడుతుంది.

మా ఆయుర్వేద వైద్యుడికి ఫోన్ చేస్తే, "పొట్ట బిగిసి గాలి పోకపోతే ఆముదం చుక్క కూడా పట్టొద్దమ్మా, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. పురుగులు ఉండకట్టి పేగుకి అడ్డం పడితే, విరేచనం మందు పేగుని ఇంకా మెలిపెడుతుందట. ఆసుపత్రిలో నోటికేమీ ఇవ్వకుండా ముక్కులో గొట్టం, సెలైన్ పెట్టారు. రెండో రోజు గాలి కదిలింది, ఆపరేషన్ తప్పింది. అడ్డం తొలగాకే పురుగుల మందు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు వేశారు.

ఆయుర్వేదం మందు ఆ తర్వాతే. చరక సంహిత విమానస్థానం 7వ అధ్యాయంలో క్రిమి చికిత్స మూడు మెట్లు: అపకర్షణం అంటే పురుగుని బయటికి తీయడం, ప్రకృతివిఘాతం అంటే అది బతికే తావుని చెడగొట్టడం, నిదాన పరివర్జనం అంటే కారణాన్ని మానడం. మొదటిది ఆసుపత్రిలో అయిపోయింది. రెండోదానికి వైద్యుడు పాప బరువు చూసి వాయువిడంగాల పొడి తేనెలో ఇచ్చారు. మోతాదు ఇక్కడ రాయను, బిడ్డ బిడ్డకీ మారుతుంది. గింజలు మాత్రం చూసి కొనండి. మిరియంలా ఉండి, కొనకి చిన్న మొన ఉంటుంది. పగలగొడితే లోపల ఎర్రటి పప్పు మీద తెల్ల మచ్చలు కనబడాలి. చిత్రతండులం అన్న పేరు అందుకే వచ్చింది. అదే జాతి వేరే కాయల్ని కూడా ఈ పేరుతో అమ్ముతారు. పురుగులకే వాడే మోదుగ గింజలైతే నానబెట్టి పైపొట్టు తీసి ఎండబెట్టి దంచాలి, ఎక్కువైతే వికారం, వాంతులు. క్రిమిముద్గర రసం లాంటి మాత్రల్లో పాదరసం, ముషిడి అనే విషపు గింజ ఉంటాయి. మోతాదు మించితే ముషిడి ఫిట్స్ తెప్పిస్తుంది. పిల్లలకి అవి అంగట్లో అడిగి కొనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

మూడో మెట్టు నాది. వారానికోసారి గోళ్లు కత్తిరిస్తాను, దొడ్డికి వెళ్లొచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగిస్తాను, గోంగూర, తోటకూర మూడు నీళ్లు మార్చి కడుగుతాను. నులిపురుగులైతే రాత్రి ఆసనం దగ్గర దురద పెడుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ మందు వేసుకుని, రెండు వారాలకి మళ్లీ వేసుకోవాలి, గుడ్లకి మందు పట్టదు కాబట్టి.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్లలో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు, అదీ ఆల్బెండజోలే. ఆ ఫిబ్రవరిలో పాపకి జ్వరమొచ్చి బడికి పోలేదు. తప్పినవాళ్లకి మళ్లీ ఒక రోజు వేస్తారని బడిలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.