హ్యాండౌట్ చదవడం కాదు, పూరించడం

లెక్చర్ హ్యాండౌట్ ముగ్గుకు పెట్టిన చుక్కల్లాంటిది. కలిపే గీతలు క్లాసులో, బోర్డు మీద పడతాయి. చుక్కల్ని పదిసార్లు చూసినా ముగ్గు వేయడం రాదు. అందుకే ముందు ఆ గీతల్ని అదే కాగితం మీదికి తెచ్చుకోండి.

దానికి జాగా ఉండాలి. పేజీకి 6 స్లైడ్లు ప్రింట్ తీస్తే కాగితం ఆదా అవుతుంది గానీ సూత్రాల్లో ఘాతాంకాలు కనబడవు, మార్జిన్ మిగలదు. పవర్‌పాయింట్ హ్యాండౌట్ లేఅవుట్‌లో పేజీకి 3 ఎంచుకుంటే ప్రతి స్లైడు పక్కన రాసుకోవడానికి గీతలు వస్తాయి. పీడీఎఫ్ అయితే ఒకవైపే ప్రింట్ తీసి, వెనక ఖాళీని వాడుకోండి.

స్లైడు మీద ఉన్నదాన్నే మళ్లీ రాయొద్దు. వదిలేసిన మధ్య మెట్టు, నోటితో చెప్పిన ఉదాహరణ, సూత్రం ఏ షరతు మీద నిలబడిందో ఆ షరతు రాయండి. అర్థం కానిచోట ప్రశ్నార్థకం పెట్టి సాగిపోండి. వాటిని ఆ సాయంత్రమే తీర్చుకోవాలి. వారం ఆగితే మన పొట్టి రాతలు మనకే అంతుపట్టవు. 'స్పష్టంగానే' అన్న మాట కనబడిందా, అక్కడ రెండు మెట్లు మింగేశారనే లెక్క. పెన్ను తీసి పూర్తిగా సాధించండి.

మార్కులు ఎక్కువగా పోయేది ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర. ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమమే చూడండి. వ్యవస్థ చేసే పనిని ధనాత్మకంగా తీసుకుంటే అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం − పని; వ్యవస్థ మీద జరిగే పనిని ధనాత్మకంగా తీసుకుంటే ఉష్ణం + పని. హ్యాండౌట్ ఒక పద్ధతిలో, పుస్తకం ఇంకో పద్ధతిలో ఉంటే, సగం ఇక్కడ సగం అక్కడ చదివినవాళ్లకు జవాబు తప్పుతుంది. మొదటి పేజీ మీదే ఏ పద్ధతో రాసిపెట్టండి. సవరించిన కాపీ వస్తే తేదీ చూసి, మారిన పేజీలు మాత్రమే మార్చండి. మొత్తం మారిస్తే మీ రాతలు పోతాయి.

రివిజన్‌కి హైలైటర్ పక్కన పెట్టండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. కాబట్టి హ్యాండౌట్ మూసి, శీర్షికలు మాత్రమే తెల్లకాగితం మీద వేసుకుని, కింద గుర్తున్నది రాయండి. ఆ తర్వాతే తెరిచి పోల్చండి. తప్పిన పేజీల నంబర్లు అట్ట మీద రాసుకుని, మరుసటిసారి వాటితోనే మొదలుపెట్టండి.