తేడాలు వెతుక్కుంటూ వెళ్ళాను

మద్యం మానాలని గట్టిగా అనుకున్న రోజుకూ, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశంలో మొదటిసారి కూర్చున్న రోజుకూ మధ్య నేను పదకొండు వారాలు పోగొట్టుకున్నాను. ఆ వారాలన్నీ ఒకే వాదనతో గడిచాయి: నా ఉద్యోగం పోలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, వీధిలో ఎప్పుడూ పడిపోలేదు, కాబట్టి అక్కడికి వెళ్ళేవారు వేరు, నేను వేరు. ఇదే వాదనతో వాయిదా వేస్తున్నవారి కోసం ఈ అనుభవం రాస్తున్నాను.

సమావేశం కంటే ముందు వైద్యుడి దగ్గరికి వెళ్ళడం నేను చేసిన సరైన పని. రాత్రికి రాత్రి, ఎవరికీ తెలియకుండా, ఇంట్లోనే ఆపేయాలన్నది అంతవరకూ నా ఆలోచన. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు రావచ్చని, ఆ తరువాత డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి ఏర్పడి, తీవ్రమైన వణుకు, జ్వరం, లేనివి కనిపించడం వంటి లక్షణాలతో ప్రాణం మీదికి రావచ్చని ఆయన చెప్పేవరకూ నాకు తెలియదు. కొన్ని రోజులు పర్యవేక్షణలో ఉంచి మందులూ, బి1 విటమినూ ఇచ్చారు. పంపించేటప్పుడు, ఒళ్ళు తేరుకున్నాక సాయంత్రాలు ఎలా గడపాలో ఇప్పుడే ఆలోచించుకోమన్నారు.

సమావేశాల జాబితా దొరకడం కష్టం కాలేదు. ఓపెన్ మీటింగ్‌కు కుటుంబ సభ్యులతో సహా ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. అయితే ధైర్యం చేసి వెళ్ళిన మొదటి సాయంత్రం తలుపుకు తాళం వేసి ఉంది. వేళ మారి చాలా కాలమైంది, జాబితా మాత్రం పాతదే. మరొకరైతే ఇంకో చోటికి వెళ్ళేవారేమో; నేను ఆ తాళాన్ని సాకుగా చేసుకుని రెండు వారాలు ఇంట్లోనే ఉండిపోయాను. అందుకే చెబుతున్నాను, వెళ్ళేముందు రోజు తప్పకుండా ఫోన్ చేసి కనుక్కోండి.

చివరికి నేను ఫోన్ చేసినప్పుడు మాట్లాడినవారు ఎంత తాగుతానని గానీ, ఏం చేస్తానని గానీ అడగలేదు. మానాలని ఉందా అని మాత్రం అడిగారు. సభ్యత్వానికి ఉన్న ఒకే ఒక్క షరతు అదేనని, రుసుము ఏదీ లేదని, ఖర్చులకు సభ్యులే తోచినంత ఇచ్చుకుంటారని, కొత్తవారు ఏమీ ఇవ్వనక్కరలేదని వివరించారు.

గదిలో పదిహేను మంది వరకు ఉన్నారు. నేను తలుపు పక్కనే కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, ఈరోజు వింటానంటే అందరూ తల ఊపి పక్కవారి వైపు తిరిగారు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. ఎంతటి నిశ్శబ్దంతో వింటారో చూసి నాకు మొదట భయమే వేసింది. పెద్ద ప్రమాదాలు, విడిపోయిన కుటుంబాల గురించి విన్నప్పుడల్లా, ఇది నా కథ కాదని లోలోపల లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఒకావిడ చాలా చిన్న విషయం చెప్పారు: సీసాలో ఇంకెంత మిగిలిందో చూసుకోకుండా తనకు ఎన్నడూ నిద్రపట్టేది కాదట, తాగాలని లేని రాత్రుల్లో కూడా. ప్రతి రాత్రీ అలమర తలుపు తీసి చూసి పడుకున్న మనిషిని నేను. ఆ తరువాత ఎవరేం చెప్పారో నాకు గుర్తులేదు.

బయటికి వస్తుంటే ఒక పెద్దాయన, “తేడాలు ఎన్నైనా దొరుకుతాయి, పోలికల కోసం వినండి,” అని ఫోన్ నంబర్లు రాసిన కాగితం చేతికిచ్చారు.

ఏఏలో వచ్చే దైవ ప్రస్తావన, మనకంటే పెద్దదైన శక్తి అన్న మాట దగ్గర నాకు ఇబ్బంది కలిగింది, ఇప్పటికీ కొంత ఉంది. ఆ శక్తిని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చన్నారు. అదీ కుదరనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ వంటి, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే పద్ధతుల మీద నడిచే బృందాలున్నాయి. ఇది నిజంగా పనిచేస్తుందా అన్న సంశయంతో, 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసేది) గురించి కూడా చదివాను. 27 అధ్యయనాలలోని 10,565 మంది వివరాలను పరిశీలించి, ఏఏ బాటలో నడిపించే చికిత్స పొందినవారిలో పూర్తిగా మానేసి నిలబడినవారు ఇతర చికిత్సలతో పోలిస్తే ఎక్కువని తేల్చారు. అది చదివాకే మూడో సమావేశానికి వెళ్ళాను. తరువాత మరింత నెమ్మదిగా సాగే ఇంకో గ్రూపుకు మారాను; గ్రూపు నచ్చకపోతే మార్చుకోవడంలో తప్పులేదు.

ఆ కాగితం నలభై రోజులు జేబులోనే ఉంది. ఒక రాత్రి నిద్రపట్టక, మద్యం దుకాణం మూసే వేళ దగ్గరపడుతుండగా, ఆ పెద్దాయనకే ఫోన్ చేశాను. 1935లో ఏఏ పుట్టింది కూడా ఇలాగే. వ్యాపారం పని మీద అమెరికాలోని ఆక్రన్ నగరానికి వచ్చిన బిల్, తాగాలన్న కోరికను తట్టుకోవడానికి మరో తాగుబోతు కోసం ఫోన్లు చేసి, డాక్టర్ బాబ్‌ను కలిశారు; ఏఏను మొదలుపెట్టింది ఆ ఇద్దరే. ఆ సంగతి నాకు ఆ రాత్రి ఆ పెద్దాయనే చెప్పారు. మేము గంటకు పైగా మాట్లాడుకున్నాం, దుకాణం మూసేశారు.

ఇప్పుడు గ్రూపులో నాకొక బాధ్యత ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో మా సమావేశాల వేళలు జాబితాలో సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మారిన వాటిని అదే రోజు సరిచేయిస్తాను.